“పాస్‌వర్డ్ కరెక్టే కొట్టానండీ”

పోయిన నెల ఒకావిడ ఫోన్ చేశారు. నేను మెయిల్ సర్వర్ చూసుకునే ఒక సంస్థలో అకౌంట్స్ పని ఆవిడది. ఫోన్‌లో మెయిల్ వస్తోంది, కొత్త ల్యాప్‌టాప్‌లో రావట్లేదు. “పాస్‌వర్డ్ కరెక్టే కొట్టానండీ, కాగితం మీద రాసుకుని ఒక్కో అక్షరం చూసి మరీ కొట్టాను” అన్నారు. ఇలాంటప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను, పాస్‌వర్డ్ మార్చి కొత్తది ఇచ్చాను. దాంతో ల్యాప్‌టాప్‌లో రాకపోగా, అప్పటిదాకా బాగానే నడుస్తున్న ఫోన్‌లో కూడా ఆగిపోయింది. మళ్ళీ మార్చాను. మూడోసారి మార్చబోతూ, అన్నిటికంటే ముందు చూడాల్సిన లాగ్‌ని (ఎవరు ఏ పేరుతో వచ్చారో సర్వర్ రాసుకునే చిట్టాని) అప్పుడు తెరిచి చూస్తే సంగతి బయటపడింది. ఆవిడ పాస్‌వర్డ్ మొదటినుంచీ కరెక్టే. ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రోగ్రాం ఆవిడ కొట్టిన ఈమెయిల్ ఐడీని @ దగ్గర కోసేసి, ముందు ముక్కని మాత్రమే యూజర్‌నేమ్‌గా పంపుతోంది. ఆ పొట్టిపేరు మా సర్వర్‌కి తెలీదు.

కోపం వచ్చింది గానీ ఎవరిమీద చూపించాలో తెలీలేదు. పేరు కోసిన ప్రోగ్రాం మీదా, కోసిన పేరుని గుర్తుపట్టని సర్వర్ మీదా? సర్వర్‌లో ఆ సెట్టింగ్ పెట్టింది నేనే కాబట్టి రెండో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. ఇదే పని చేసే ఒక మిత్రుడికి చెప్తే, “ఇందులో ఆలోచించడానికి ఏముందిరా, యూజర్‌నేమ్ అంటే పూర్తి ఈమెయిల్ ఐడీ, అంతే. ఇంకేదొచ్చినా తలుపు వేసెయ్” అన్నాడు. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఒప్పుకోబుద్ధి కాలేదు. ఎందుకు కాలేదో రాసుకుంటూ పోతే ఇదిగో ఇంత పోస్టు తయారైంది.

నేనెటు తేలానో ముందే చెప్పేస్తాను. మనిషి ఏం కొడితే క్లయింట్ (అంటే మనిషి దగ్గరుండే మెయిల్ ప్రోగ్రాం) అదే పంపాలి, దాన్ని ముట్టుకోకూడదు. వచ్చిన పేరు ఎవరిదో పోల్చుకునే బరువు సర్వర్‌ది. పోల్చుకున్నాక లోపల మాత్రం ఆ మనిషికి ఒక్కటే పేరుండాలి, రెండోది ఎక్కడా కనపడకూడదు. చెప్పడానికి ఇంత తేలిగ్గా ఉన్నదాన్ని నేను ఒకసారి ఘోరంగా చెడగొట్టాను, ఆ కథ కిందుంది.

ఒక గడి, అయిదారు పేర్లు

పాత యూనిక్స్ రోజుల్లో ఈ గొడవే లేదు. మెషీన్ మీద అకౌంట్ ఉన్నవాళ్ళకే మెయిల్, అకౌంట్ పేరే లాగిన్, ఒక మెషీన్ మీద రమ అనే పేరు ఒక్కరికే. మెయిల్ దింపుకునే పాప్3 పద్ధతి కోసం 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1939 (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాల్లో ఒకటి) తీసి చూడండి, యూజర్ కమాండ్ తర్వాత వచ్చే పేరు గురించి అందులో ఒక చిన్న మాట ఉంది: అది మెయిల్‌బాక్స్‌ని గుర్తించే స్ట్రింగ్, దానికి అర్థం సర్వర్ దగ్గర మాత్రమే. ఆ “మాత్రమే”ని అక్కడ పెద్దక్షరాల్లో వేశారు. నాకు ఇది చాలా నచ్చిన వాక్యం. క్లయింట్‌కి ఆ పేరులో @ ఉందో, గీత ఉందో, చుక్క ఉందో అనవసరం. ఉత్తరం మోసేవాడు కవరు విప్పి చదవక్కర్లేదు కదా.

తర్వాత ఒక్క సర్వర్ మీద వందల డొమైన్లు (అడ్రస్‌లో @ తర్వాత వచ్చే పేర్లు) పెట్టి హోస్టింగ్ అమ్మడం మొదలైంది. ప్రతి డొమైన్‌లోనూ ఒక రమ ఉంటుంది, ఒక ఇన్ఫో ఉంటుంది, ఒక సేల్స్ ఉంటుంది. ఒకే పేరున్నవాళ్ళు ఇద్దరుంటే ఇంటిపేరు అడుగుతాం కదా, అలాగే లాగిన్‌లో డొమైన్ కూడా అడగాల్సి వచ్చింది. తీరా చూస్తే అప్పటి క్లయింట్లలో కొన్ని యూజర్‌నేమ్ గడిలో @ కొట్టనిచ్చేవి కావు, కొట్టినా అక్కడినుంచి కోసేసేవి. మెయిల్ ప్రోగ్రాం కదా, @ కనపడగానే అది అడ్రస్సే అనుకునేది. అందుకని హోస్టింగ్ వాళ్ళు పక్కదారి తొక్కారు. @ బదులు కొందరు % పెట్టమన్నారు, కొందరు + పెట్టమన్నారు. డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాంలో ఇప్పటికీ యూజర్‌నేమ్ ట్రాన్స్‌లేషన్ అని ఒక సెట్టింగ్ ఉంది, ఫలానా గుర్తు వస్తే దాన్ని @గా మార్చుకో అని చెప్పడానికి. దాని పక్కనుండే వివరణలో # నీ / నీ @ గా మార్చే ఉదాహరణ ఇచ్చారు. దాన్ని మొదటిసారి చూసినప్పుడు ఇదెవరికి పనికొస్తుందిరా అనుకున్నాను. చరిత్ర తెలిశాక నవ్వు రాలేదు.

విండోస్ వైపు కథ ఇంకోలా నడిచింది. అక్కడ డొమైన్ ముందు, వెనక్కి వాలిన గీత, తర్వాత పేరు: కంపెనీ\రమ. ఆ పాతరకం పేరుకి 20 అక్షరాల పరిమితి. దీనికి తోడు యూపీఎన్ అని ఇంకో పేరు, రమ@కంపెనీ.లోకల్ లాంటిది. చూడ్డానికి అచ్చం ఈమెయిల్ ఐడీ, కానీ దానికి మెయిల్ పంపితే చేరాలని ఎక్కడా లేదు. నా లెక్కలో అన్నిట్లోకీ ప్రమాదమైన పేరు ఇదే. వెనక్కి వాలిన గీత కనపడితే ఎవరైనా “ఇదేదో లాగిన్ వ్యవహారం” అనుకుని జాగ్రత్తపడతారు. @ కనపడితే మాత్రం ఈమెయిల్ ఐడీయే కదా అని తమ అడ్రస్సు కొట్టేస్తారు, అది కుదరదు, అప్పుడు పాస్‌వర్డ్ మార్చమని ఫోన్ చేస్తారు.

ఖాళీ ఇన్‌బాక్స్

ఇప్పుడు నా నిర్వాకం. మూడేళ్ళ కింద ఇదే సంస్థ మెయిల్‌ని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చాను. పాతదాంట్లో ఒక్కటే డొమైన్, మనుషులందరూ సిస్టమ్ అకౌంట్లు, లాగిన్ పొట్టిపేరుతోనే. కొత్తదాంట్లో మూడు డొమైన్లు, అంతా డేటాబేసు, లాగిన్ పూర్తి ఐడీ. అరవై మందికి పైగా ఉన్నారు, అందరి దగ్గరికీ వెళ్ళి సెట్టింగులు మార్చడం నావల్ల కాదు. అందుకని తెలివిగా (అప్పట్లో అలాగే అనుకున్నాను) డేటాబేసులో పాస్‌వర్డ్ వెతికే ప్రశ్నలో, అంటే క్వెరీలో, చిన్న మార్పు చేశాను: పూర్తి ఐడీ కలిసినా సరే, ముందు ముక్క కలిసినా సరే. టెస్ట్ చేశాను. రెండు రకాలుగానూ లాగిన్ అయింది. ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్లు. సగం మందికి మెయిల్ బాగానే ఉంది, సగం మందికి లాగిన్ అవుతోంది గానీ ఇన్‌బాక్స్ ఖాళీ. పూర్తిగా ఖాళీ, ఒక్క ఫోల్డర్ లేదు. ఎర్రర్ లేదు, పాస్‌వర్డ్ తప్పు అనీ లేదు, సర్వర్ మర్యాదగా లోపలికి రానిచ్చి ఖాళీ గది చూపిస్తోంది. “పదేళ్ళ మెయిల్ పోయిందా?” అని ఒకాయన అడిగిన గొంతు నాకింకా గుర్తుంది. బ్యాకప్ ఉంది, పోలేదు అని చెప్తున్నాను గానీ నా చేతులు మాత్రం వణుకుతున్నాయి.

జరిగింది ఇది. పాస్‌వర్డ్ దగ్గర పొట్టిపేరుని ఒప్పుకున్నాను సరే, మెయిల్‌బాక్స్ ఎక్కడుందో చెప్పే చోట మాత్రం దారి డొమైన్/పేరు అని రాసి ఉంది. పొట్టిపేరుతో వచ్చినవాళ్ళకి డొమైన్ ముక్క ఖాళీ. దాంతో దారి ఇంకెక్కడికో పోయింది. అక్కడ ఏమీ లేకపోతే కొత్త మెయిల్‌బాక్స్ తయారుచేసుకోవడం సర్వర్‌కి అలవాటు, చేసుకుంది. అంటే ఒకే మనిషికి రెండిళ్ళు. బయటినుంచి వచ్చే మెయిల్ పూర్తి ఐడీకి వస్తుంది కాబట్టి అసలింట్లోకి పోతోంది, మనిషి మాత్రం ఖాళీ ఇంట్లో కూర్చుని ఎదురుచూస్తున్నాడు.

ఇంతటితో అయిపోతే బాగుండేది. నేను విషయం కనిపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఈలోగా ఆ ఖాళీ ఇళ్ళలో కూర్చున్నవాళ్ళు పని ఆపలేదు, పంపాల్సినవి పంపారు, ఆ కాపీలన్నీ అక్కడి సెంట్ ఫోల్డర్‌లోనే పడ్డాయి. కొందరు డ్రాఫ్టులు రాసుకున్నారు. ఒకరైతే ఫోల్డర్లన్నీ మళ్ళీ కొత్తగా కట్టుకున్నారు, పాపం. రెండిళ్ళ సామానూ కలపాల్సి వచ్చింది. కలిపాక కూడా క్లయింట్లు మెయిలంతా మొదటినుంచీ దింపుకోవడం మొదలుపెట్టాయి, సాయంత్రం దాకా నెట్ లైన్ ఊపిరాడక కొట్టుకుంది.

ఆ దెబ్బతో భయపడి, పొట్టిపేర్లని పూర్తిగా మూసేశాను. ప్రతి మనిషి దగ్గరికీ వెళ్ళి (అవును, వెళ్ళాల్సే వచ్చింది) పూర్తి ఐడీ పెట్టించాను. పోయిన నెల ఆవిడకి లాగిన్ కాకపోవడానికి కారణం అదే, మూడేళ్ళ కిందటి నా భయం. అంటే ముందు ఎలా పడితే అలా తలుపు తీశాను, తర్వాత ఎలా పడితే అలా వేసేశాను. రెండుసార్లూ ఆలోచన ఒకటే లోపించింది: పేరు ఎక్కడ మారాలి అన్నది.

గుమ్మంలోనే, ఒక్కసారే

మారాల్సింది గుమ్మంలో. పాస్‌వర్డ్ చూడకముందే, డేటాబేసుని అడగకముందే, వచ్చిన పేరుని సరిచేసి అసలు పేరుగా మార్చాలి. అక్కడినుంచి లోపల ఎవరికీ వచ్చిన పేరు కనపడకూడదు, అసలు పేరే కనపడాలి. నేను చేసిన తప్పల్లా క్వెరీలో ఒక “లేదా” పెట్టి, పేరుని మాత్రం అలాగే లోపలికి వదిలెయ్యడం. పాస్‌వర్డ్ చూసేవాడు ఒప్పుకున్నాడు, ఇల్లు చూపించేవాడికి చెప్పలేదు.

డవ్‌కాట్‌లో దీనికి వేరే చోటే ఉంది. యూజర్‌నేమ్ ఫార్మాట్ అనే సెట్టింగ్ పేరుని చిన్నక్షరాల్లోకి మారుస్తుంది, డొమైన్ లేకుండా వస్తే ఏ డొమైన్ తగిలించాలో చెప్పడానికి ఇంకో సెట్టింగ్ ఉంది. రెండూ అన్నిటికంటే ముందు పనిచేస్తాయి. నేను క్వెరీ మీద చేసిన సర్కస్ అంతా అక్కడ రెండు లైన్లు.

ఇంకో సంగతి, మెయిల్ సర్వర్‌కి గుమ్మం ఒకటి కాదు. చదవడానికి ఐమ్యాప్, పంపడానికి ఎస్‌ఎమ్‌టీపీ. ఒక గుమ్మంలో పేరు సరిచేసి రెండోదాన్ని వదిలేస్తే ఇంకో వింత చూస్తారు: మెయిల్ వస్తుంది, పోదు. పంపే గుమ్మం చూసుకునే పోస్ట్‌ఫిక్స్ అనే ప్రోగ్రాంలో, ఫలానా లాగిన్ ఉన్నవాళ్ళే ఫలానా అడ్రస్ నుంచి పంపాలి అని కట్టుదిట్టం చేసుకునే వీలుంది, చేసుకోవాలి కూడా. ఆ పట్టికలో లాగిన్ పేరు పూర్తి ఐడీగా ఉండి, మనిషి పొట్టిపేరుతో లోపలికొస్తే, పాస్‌వర్డ్ సరిపోయినా “ఈ అడ్రస్ నీది కాదు” అని 553 నంబరుతో తిప్పి పంపుతుంది. సొంత అడ్రస్ నుంచి సొంత మెయిల్ పంపుతూ ఆ మాట పడాల్సిరావడం ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ కూడా లాగిన్ కోసం డవ్‌కాట్‌నే అడిగేలా పెట్టుకుంటే సరిచేసిన పేరే తిరిగి వస్తుంది, బాధ తీరిపోతుంది. రెండు గుమ్మాలకీ కాపలా ఒక్కడే అయితే రెండు మాటలు రావు.

మిత్రుడి మాటలో ఎంత నిజం

మళ్ళీ మా వాడి దగ్గరికొస్తాను. “పూర్తి ఈమెయిల్ ఐడీ ఒక్కటే” అన్నది చెడ్డ సలహా ఏం కాదు. కొత్తగా సర్వర్ పెట్టేవాళ్ళు అడిగితే నేనూ అదే చెప్తాను. మనిషికి గుర్తుండేది అదే, డొమైన్లు ఎన్ని పెరిగినా గొడవ ఉండదు. క్లయింట్లు సర్వర్‌ని డీఎన్‌ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్ల పట్టికలో) వెతుక్కునే పద్ధతి చెప్పిన ఆర్‌ఎఫ్‌సీ 6186 (2011) కూడా, ముందు పూర్తి అడ్రస్సే యూజర్‌నేమ్‌గా పంపమంటుంది.

నాకు తేడా వచ్చేది అడ్రస్సూ మనిషీ ఒకటే అనుకోవడం దగ్గర. అడ్రస్ మారుతుంది. పేరు మార్చుకుంటారు, సంస్థ పేరే మారి డొమైన్ మారుతుంది, ఒక మనిషికి మూడు అడ్రస్‌లుంటాయి, ఒక అడ్రస్‌ని నలుగురు చూస్తుంటారు. యూజర్‌నేమ్ అంటే అడ్రస్సే అని లోపల కూడా రాసేసుకుంటే, అడ్రస్ మారిన రోజున మెయిల్‌బాక్స్ దారీ, అనుమతులూ, ఫిల్టర్లూ, కోటా అన్నీ కదుపుకోవాలి. అందుకే నేను చెప్పేది: గుమ్మంలో అడ్రస్ చెప్పినా ఒప్పుకో, లోపల దానికి సంబంధం లేని, ఎప్పటికీ మారని ఒక పేరు పెట్టుకో. ఒక నంబరైనా చాలు.

దీనికి వాడు గట్టి ఎదురుమాటే చెప్పాడు. “మనిషికి ఉన్న అడ్రస్‌లన్నిటితో లాగిన్ కానిస్తే, దొంగకి అన్ని తాళపుకన్నాలు చూపించినట్టే కదా?” నిజమే. విజిటింగ్ కార్డు మీదున్న పేరు, వెబ్‌సైట్‌లో ఉన్న పేరు, అన్నీ లాగిన్ పేర్లే అయిపోతాయి. లాగిన్ పేరుని గుట్టుగా ఉంచడం భద్రత అంటే నేను పెద్దగా నమ్మను, పేరు దాచి పాస్‌వర్డ్ బలహీనంగా పెట్టుకునే చోట్లు చాలా చూశాను. కానీ ఒక్క విషయంలో వాడిదే పైచెయ్యి. తప్పు ప్రయత్నాలు ఎక్కువైతే అకౌంట్‌ని కాసేపు లాక్ చేసే పద్ధతి ఉన్నచోట, అందరికీ తెలిసిన పేరుతో ఊరికే తప్పు పాస్‌వర్డ్‌లు కొడుతూ ఎవడైనా మనిషిని బయటే నిలబెట్టెయ్యొచ్చు. అది చూశాకే ఇన్ఫో, సేల్స్ లాంటి ఉమ్మడి అడ్రస్‌లతో లాగిన్ తీసేశాను. సొంత అడ్రస్, దాని పొట్టిరూపం, ఈ రెండే ఉంచాను. వాడన్నంత కాకపోయినా, నేను మొదట అనుకున్న దానికంటే తలుపు కొంచెం దగ్గరగానే వేశాను.

పొట్టిరూపం కూడా అందరికీ కాదు. మూడు డొమైన్లలో రెండిట్లో ఒకే పేరు ఉంటే ఆ పొట్టిపేరుని అసలు ఒప్పుకోను. “ఏ రమ?” అని సర్వర్ తిరిగి అడగలేదు కదా. పాస్‌వర్డ్ ఎవరిదానితో కలిస్తే వాళ్ళే అనుకుందాం అని ఒక కుర్రాడు సలహా ఇచ్చాడు. ఇద్దరు రమలూ ఒకే బలహీనమైన పాస్‌వర్డ్ పెట్టుకున్న రోజున ఏమవుతుందో చెప్తే ఊరుకున్నాడు. ఊహించి లోపలికి పంపడం కంటే బయట నిలబెట్టడమే నయం.

క్లయింట్ ఊహలు

సర్వర్ ఊహించకూడదు అన్నాను, క్లయింట్ అసలే ఊహించకూడదు. నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది. పైన చెప్పిన ఆర్‌ఎఫ్‌సీ 6186 పూర్తి అడ్రస్‌తో మొదలుపెట్టి, అది కుదరకపోతే @ ముందు ముక్కతో ప్రయత్నించమంటుంది. ఎందుకలా రాయాల్సి వచ్చిందో అర్థమవుతుంది. డీఎన్‌ఎస్‌లో పెట్టే ఆ ఎస్‌ఆర్‌వీ రికార్డుల్లో సర్వర్ పేరు ఉంటుంది, పోర్ట్ ఉంటుంది, యూజర్‌నేమ్ ఏ రూపంలో కావాలో చెప్పడానికి మాత్రం చోటు లేదు. చెప్పే వీలు లేదు కాబట్టి ఊహించమన్నారు.

ఊహకి ఖర్చుంది, అది ఊహించినవాడు కట్టడు. మనిషి పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం తప్పు కొట్టాడనుకోండి. క్లయింట్ పూర్తిపేరుతో ఐమ్యాప్‌లో అడుగుతుంది, తప్పు. పొట్టిపేరుతో అడుగుతుంది, తప్పు. ఎస్‌ఎమ్‌టీపీలో మళ్ళీ రెండు. మనిషి ఒక్కసారి పొరపాటు పడితే లాగ్‌లో నాలుగు తప్పులు. తప్పు లాగిన్లకి కాపలా కాసే ఫెయిల్2బ్యాన్ అనే ప్రోగ్రాం మామూలుగా వచ్చే సెట్టింగుల్లో పది నిమిషాల్లో అయిదు తప్పులు దాటనివ్వదు, ఆ ఐపీని (అవి వచ్చిన ఇంటర్నెట్ నంబరుని) పది నిమిషాలు బయట పెట్టేస్తుంది. రెండోసారి పొరపాటు పడ్డాడో, ఆఫీసంతా ఒకే ఐపీ వెనక ఉంటే అందరి మెయిలూ ఆగిపోతుంది. తప్పు కొట్టింది ఒక్కడు, శిక్ష నలభై మందికి. తర్వాత ఫోన్ ఎత్తాల్సింది ఎవరు? నేను.

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాం వాళ్ళ ఆటోకాన్ఫిగ్ పద్ధతి నాకు దీనికంటే బాగా నచ్చుతుంది. సర్వర్ తరఫున ఒక చిన్న ఎక్స్‌ఎమ్ఎల్ ఫైల్ పెడతాం, అందులో సర్వరూ పోర్టూ కాకుండా యూజర్‌నేమ్ అనే గడి కూడా ఉంటుంది. పూర్తి అడ్రస్ కావాలంటే దానికో గుర్తు, ముందు ముక్క చాలంటే దానికో గుర్తు. ఊహించే పనే లేదు, సర్వర్ చెప్తుంది, క్లయింట్ వింటుంది. ఆవిడ ఫోన్ వచ్చిన వారంలో నేను చేసిన మొదటి పని మా డొమైన్లకి ఆ ఫైల్ పెట్టడమే. మూడేళ్ళ కిందే పెట్టాల్సింది, బద్ధకం. అన్ని క్లయింట్లూ దాన్ని చదవవు, అది వేరే బాధ.

ఫోన్లు ఇంకో రకం. యూజర్‌నేమ్ గడిలో కీబోర్డ్ మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తుంది, సలహాలోంచి పేరు ఎంచుకుంటే చివర ఒక ఖాళీ తగిలిస్తుంది. మనిషికి ఆ ఖాళీ కనపడదు. ఆ ఖాళీ కోయడం క్లయింట్ పనా అంటే, నా సిద్ధాంతం ప్రకారం కాదనాలి, కానీ ఇక్కడ మొండిగా ఉండబుద్ధి కాదు. అది మనిషి కొట్టింది కాదు, కీబోర్డ్ కొట్టింది. కోసెయ్యండి.

గీత, కూడిక, ఐత్వం

ఈ మధ్య వెనక్కి వాలిన గీత నాకూ ఒక పాఠం చెప్పింది. ఇంకో చోట విండోస్ పేర్లున్న సర్వర్‌లో మెయిల్‌బాక్సులు సరిగా ఉన్నాయో లేదో చూసే చిన్న స్క్రిప్ట్ రాశాను. కంపెనీ\రమ అని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి లాగిన్ కమాండ్ పంపితే సర్వర్ “బ్యాడ్” అంది. “నో” కాదు, “బ్యాడ్”. ఐమ్యాప్‌లో ఈ రెండిటికీ చాలా దూరం: నో అంటే నువ్వన్నది అర్థమైంది గానీ కుదరదని, బ్యాడ్ అంటే నువ్వేమంటున్నావో అర్థమే కాలేదని. కొటేషన్ గుర్తుల మధ్య ఆ గీతకి ప్రత్యేకమైన అర్థం ఉంది, దాన్ని పంపాలంటే రెండుసార్లు రాయాలి. తేలిగ్గా పోనిచ్చే సర్వర్ అయితే గీతని మింగేసి “కంపెనీరమ” అని చదువుకుని, అలాంటివాళ్ళు లేరంటుంది, అప్పుడు మళ్ళీ పాస్‌వర్డ్ మార్చడం మొదలు. అదే పేరుని ప్లెయిన్ అనే ఇంకో లాగిన్ పద్ధతిలో, బేస్64గా (మామూలు అక్షరాలూ అంకెల్లోకి మార్చి) పంపితే ఏ గొడవా లేదు. ఒకే పేరు, ఒకే సర్వర్, దారి మారితే ఫలితం మారింది. పేరుని ముట్టుకోవద్దు అన్నాను గానీ, ముట్టుకోకుండా చేర్చడానికి కూడా ఒక్కోసారి ఇలా మూట కట్టాల్సొస్తుంది.

+ గుర్తు దగ్గర నా ఉదారత ఆగిపోయింది. ఒకప్పుడు @ బదులు + వాడారని చెప్పాను కదా. ఈలోగా అదే + కి ఇంకో పని పడింది, రమ+బిల్లులు@కంపెనీ.కామ్ అని అడ్రస్‌కి తోక తగిలించడం. ఇప్పుడు లాగిన్ దగ్గర రమ+ఏదో అని వస్తే ఆ ఏదో డొమైనా, తోకా? చుక్క ఉంటే డొమైన్ అనుకుందామా అంటే తోకలో కూడా చుక్క ఉండొచ్చు. రెండర్థాలున్న పేరుని ఒప్పుకోకూడదు కాబట్టి + ఉన్నదేదీ లాగిన్ దగ్గర ఒప్పుకోను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు కూడా.

పెద్దక్షరాలూ చిన్నక్షరాల సంగతి విచిత్రం. ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం @ ముందు భాగంలో అక్షరాల తేడా పాటించి తీరాలి, డొమైన్‌లో మాత్రం అక్కర్లేదు. నేను చూసిన ఏ సర్వరూ ఆ ముందు భాగం సంగతి పట్టించుకోదు, పట్టించుకుంటే జనం కొడతారు. ఇక్కడ రూల్ కంటే అలవాటే పెద్దది, నేను అలవాటు వైపే.

మన లిపిలో పేరుంటే? 2012లో వచ్చిన ప్రమాణాలతో అడ్రస్ తెలుగులో కూడా ఉండొచ్చు. శైలజ అనే పేరు తీసుకోండి. అందులో ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే కోడ్‌గానూ రాయొచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు అని రెండు కోడ్లుగానూ రాయొచ్చు. తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి, కంటికి తేడా తెలిసే ఆశే లేదు. సర్వర్ బైట్లు పోల్చి చూస్తే మాత్రం ఇద్దరు శైలజలు. పోల్చేముందు రెండిటినీ ఒకే రూపంలోకి తెచ్చుకోవాలని ఆర్‌ఎఫ్‌సీ 8265 లాంటివి చెప్తాయి. పైగా ఐమ్యాప్ లాగిన్ కమాండ్‌లో ఈ అక్షరాలు పంపడానికి వీల్లేదు, ఆథెంటికేట్ కమాండే వాడాలి. ఐత్వం ఉన్న పేరుతో ఒక టెస్ట్ అకౌంట్ పెట్టి ఆడుకుందామని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

సర్వర్ పేరు మార్చుకుంటే కుదరని చోటు కూడా ఒకటుంది. డైజెస్ట్ ఎమ్‌డీ5 అనే పాత పద్ధతిలో యూజర్‌నేమూ, రెల్మూ (సర్వర్ చెప్పే పరిధి పేరు), పాస్‌వర్డూ కలిపి నూరి హ్యాష్ (వెనక్కి విప్పలేని ముద్ద) చేసేవారు. పేరు మారితే హ్యాషే మారిపోతుంది, నేను చెప్పే గుమ్మం సిద్ధాంతం అక్కడ చెల్లదు. 2011లోనే దాన్ని పక్కన పెట్టేశారు కాబట్టి నేను గెలిచాననుకుంటున్నాను.

పాస్‌వర్డ్ బదులు టోకెన్ చూపించే ఓఆథ్ పద్ధతి వచ్చాక ఈ గోలంతా పోతుందని కొందరంటారు. పాస్‌వర్డ్ పోతుంది, నిజమే. కానీ దాన్ని మెయిల్ లాగిన్‌కి వాడే ఎక్స్ఓఆథ్2లో పంపే స్ట్రింగ్‌లో మొదటి ముక్క ఏంటో చూడండి: యూజర్, ఈజీక్వల్‌టు, ఒక పేరు. టోకెన్ ఒకరిదీ పేరు ఇంకోలాగా ఉంటే లోపలికి రానివ్వదు. గడి అక్కడే ఉంది.

ఆ ఎర్రర్ మెసేజ్

ఇంత రాశాక కూడా, ఆవిడ పాస్‌వర్డ్ రెండుసార్లు మార్చాల్సి రావడానికి అసలు కారణం ఫార్మాట్ కాదేమో అనిపిస్తోంది. తెరమీద కనపడిన మాట “యూజర్‌నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు”. రెండు ముక్కలున్నా జనం రెండోదే చదువుతారు. పేరు తప్పెలా అవుతుంది, నా పేరు నాకు తెలీదా? ఏది తప్పో సర్వర్ చెప్పకూడదు, చెప్తే దొంగలకి ఏ పేర్లున్నాయో జల్లెడ పట్టుకోవడం తేలికవుతుంది. అది నేను ఒప్పుకుంటాను. కానీ తాను ఏ పేరు పంపిందో క్లయింట్ చెప్పొచ్చు కదా? అందులో రహస్యమేముంది, చూసేది ఆ మనిషే. థండర్‌బర్డ్ ఫలానా సర్వర్‌లో ఫలానా యూజర్‌నేమ్‌తో లాగిన్ కాలేదని పేరుతో సహా చెప్తుంది. ఆవిడ తెరమీద “రమ అనే పేరుతో ప్రయత్నించాను” అని ఒక్క ముక్క ఉంటే, “అదేంటి, నేను మొత్తం కొట్టాను కదా” అని ఆవిడే పట్టేసేవారు. నేను లాగ్ తెరిచేంత వరకూ రాకపోయేది.

ఇప్పుడు మా సర్వర్‌లో పొట్టిపేరు గుమ్మంలోనే పూర్తిపేరు అవుతుంది, రెండు గుమ్మాల్లోనూ. ఒక నెల గడిచాక ఇంకా ఎవరు పొట్టిపేరుతో వస్తున్నారా అని లాగ్‌లో వెతికాను, తక్కువమందే అయితే ఆ లైన్ తీసేసి మా వాడిని సంతోషపెడదామని. మూడే మూడు కనపడ్డాయి. ఒకటి ఆవిడ ల్యాప్‌టాప్, ఇంకొకటి ఎవరో పాత టాబ్లెట్, రెండూ పావుగంటలో సరిచేశాను. మూడోది మెట్ల పక్కనున్న స్కానర్. కాగితం పెట్టి బటన్ నొక్కితే మెయిల్ పంపుతుంది. దాని యూజర్‌నేమ్ గడిలో పదహారు అక్షరాలకి మించి పట్టవు, మా డొమైనే పద్నాలుగు. కాన్ఫిగ్ ఫైల్‌లో ఆ లైన్ అలాగే ఉంది, పైన ఒక కామెంట్ రాసిపెట్టాను: “స్కానర్ కోసం. తీసెయ్యకు.”